తీర్పును విమర్శించండి, ఆ ఒక్క వాక్యం మాత్రం తీసేయండి

మీరు రాసినది రెండుసార్లు చదివాను. చిన్నాన్నగారి పిల్లలతో ఆస్తి విభజన దావా పదకొండేళ్లు నడిచింది. పద్దెనిమిది రోజుల క్రితం సీనియర్ సివిల్ జడ్జి మీ దావా కొట్టేశారు. ఆ రాత్రే మీరు ఫేస్‌బుక్‌లో పెద్ద పోస్టు పెట్టారు. "ఇన్నేళ్లు తిప్పించుకుని, చివరికి అవతలివాళ్ల దగ్గర డబ్బు తిని తీర్పు రాశారు" అన్నారు, జడ్జిగారి పేరు కూడా రాశారు. డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు దాన్ని మరి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పంచారు. ఇప్పుడు ఎవరో ఇది కోర్టు ధిక్కరణ, జైలు తప్పదు అన్నారని మీకు నిద్ర పట్టడం లేదు. ఓడిపోయినవాడికి తీర్పును విమర్శించే హక్కు కూడా లేదా అన్నది మీ ప్రశ్న.

హక్కు ఉంది. అది ఎవరో దయతో ఇచ్చినది కాదు, చట్టంలోనే రాసి ఉంది. కానీ ఆ హక్కు "డబ్బు తిని" అన్న మాటను కాపాడదు. ఇరవై ఎనిమిదేళ్లుగా నల్లకోటు వేసుకుని తిరుగుతున్నవాడిగా మొదట చెప్పేది ఇదే: ఆ పోస్టును ఇప్పుడే తీసేయండి, మీ తమ్ముడిచేత కూడా తీయించండి. తీసే ముందు ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి, మీరు ఏం రాశారో రేపు మీ వకీలుకు తెలియాలి. పోస్టు తీసేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఎందుకు తీసేశానో వివరిస్తూ మరో పోస్టు మాత్రం పెట్టకండి. నేను చూసిన చిక్కుల్లో చాలావరకు ఆ రెండో పోస్టుతోనే ముదిరాయి.

ఇప్పుడు చట్టం సంగతి. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టంలో ధిక్కరణ రెండు రకాలు. కోర్టు ఉత్తర్వును కావాలని అమలు చేయకపోవడం సివిల్ ధిక్కరణ, దానితో మీకు పని లేదు. మీ భయం క్రిమినల్ ధిక్కరణ గురించి. సెక్షన్ 2(సి) ప్రకారం అందులో మూడు సంగతులున్నాయి: కోర్టును అపఖ్యాతి పాలుచేసే లేదా దాని అధికారాన్ని తగ్గించే మాటలు, నడుస్తున్న విచారణకు అడ్డుపడే మాటలు, మరే విధంగానైనా న్యాయ నిర్వహణకు ఆటంకం కలిగించే పనులు. శిక్ష గరిష్ఠంగా ఆరు నెలల సాధారణ జైలు, లేదా రెండు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. కింది కోర్టు జడ్జిని అన్న మాటకైనా శిక్ష వేసే అధికారం హైకోర్టుదే, కనీసం ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం వినాలి. మీ ఊరి పోలీసులు వచ్చి ధిక్కరణ కేసు కింద పట్టుకుపోయే ఏర్పాటేమీ చట్టంలో లేదు. కింది కోర్టు ధిక్కరణపై హైకోర్టు చర్య తీసుకోవాలంటే ఆ కోర్టే నివేదించాలి, లేదా రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్ కోరాలి. అయితే హైకోర్టు తనంతట తాను కూడా చర్య తీసుకోవచ్చు. సెక్షన్ 20 ప్రకారం ధిక్కరణ జరిగిందన్న తేదీ నుంచి ఏడాది దాటితే చర్య మొదలుపెట్టకూడదు. ఆ ఏడాదిని నమ్ముకుని పోస్టును అలాగే ఉంచమని మాత్రం నేను చెప్పను.

సెక్షన్ 5ను మీరు అక్షరం అక్షరం చదవాలి. విని, తుది తీర్పు చెప్పిన కేసు బాగోగులపై న్యాయమైన వ్యాఖ్య ప్రచురించడం ధిక్కరణ కాదు అని అందులో ఉంది. ఇక్కడ చాలామంది గమనించనిది "తుది" అన్న మాట. అదే చట్టంలో సెక్షన్ 3 కింద ఇచ్చిన వివరణ ప్రకారం, అప్పీలుకు అవకాశం ఉన్న కేసు, ఆ అప్పీలు తేలేదాకా, లేదా అప్పీలు వేయకపోతే గడువు ముగిసేదాకా, నడుస్తున్న కేసుగానే లెక్క. అంటే చట్టం దృష్టిలో మీ కేసు ఇంకా ముగియలేదు. అందుకని నోరు కట్టేసుకోమని కాదు. పెండింగులో ఉన్న కేసుల గురించి పత్రికలు రోజూ రాస్తూనే ఉన్నాయి. కానీ మీరు అందులో కక్షిదారు. పై కోర్టు జడ్జి మీద ఒత్తిడి తెచ్చేలా రాశారన్న మాట రాకుండా చూసుకోవాల్సిన బాధ్యత ఇతరులకంటే మీకు ఎక్కువ.

మీలాగే ఆరోపణ చేసి సుప్రీంకోర్టుదాకా వెళ్లిన తెలుగువాడు ఒకరున్నారు. నెల్లూరు నుంచి వెలువడే "ప్రజారాజ్యం" అనే తెలుగు వారపత్రిక సంపాదకుడు బత్తిన రామకృష్ణారెడ్డి. 1949 ఫిబ్రవరిలో ఆ పత్రిక ఒక సబ్ మేజిస్ట్రేటు లంచగొండి అని ఆరోపిస్తూ వ్యాసం వేసింది. మద్రాసు హైకోర్టు ధిక్కరణ కింద శిక్ష వేసింది. 1952లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆయన వాదన తెలివైనదే: లంచం తీసుకున్నారనడం పరువునష్టం అవుతుంది, దానికి శిక్షాస్మృతి ఉంది, ధిక్కరణ ఎలా అవుతుంది అన్నారు. ఒకే మాట పరువునష్టమూ కావచ్చు, ధిక్కరణా కావచ్చు అని కోర్టు తేల్చింది. ఆ తీర్పులో నేను నా జూనియర్లకు ఎప్పుడూ చదివి వినిపించే భాగం వేరే ఉంది. ఆరోపణలు నిజమైతే వాటిని వెలుగులోకి తేవడం ప్రజలకు మేలే, అబద్ధమైతే మాత్రం న్యాయవ్యవస్థపై జనానికున్న నమ్మకం దెబ్బతింటుంది అని న్యాయమూర్తులు అన్నారు. ఆ సంపాదకుడు తన ఆరోపణల్ని రుజువు చేసే ప్రయత్నమే చేయలేదు. ఆయన కేసు అక్కడ ఓడింది.

2006లో పార్లమెంటు సెక్షన్ 13ను సవరించి, నిజం చెప్పడాన్ని కూడా రక్షణగా చేర్చింది. ప్రజాప్రయోజనం ఉండాలి, సద్బుద్ధితో చెప్పి ఉండాలి, అప్పుడు కోర్టు ఆ వాదనను అనుమతించవచ్చు. న్యాయ నిర్వహణకు గణనీయంగా అడ్డు తగిలితేనే శిక్ష వేయాలన్న షరతు కూడా అందులోనే ఉంది. కాబట్టి మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను: డబ్బు చేతులు మారినట్టు మీ దగ్గర ఏముంది? ఎవరైనా చూశారా? ఫోను సంభాషణ ఉందా? "ఊరంతా అనుకుంటున్నారు", "లేకపోతే ఇలాంటి తీర్పు ఎలా వస్తుంది" అన్నవి ఆధారాలు కావు. సాక్ష్యాన్ని తప్పుగా అర్థం చేసుకోవడానికీ, అమ్ముడుపోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. మొదటిది నిత్యం జరుగుతుంది, అప్పీలు కోర్టులు ఉన్నది అందుకే.

ఇక తీర్పును, వ్యవస్థను ఎంత ఘాటుగా విమర్శించవచ్చో చూడండి. 1987 నవంబరులో హైదరాబాద్‌లో బార్ కౌన్సిల్ సభలో కేంద్ర మంత్రి పి.శివశంకర్ మాట్లాడారు. ఆయన అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఉన్నత వర్గాల నుంచి వచ్చినవారని, జమీందార్లవంటి ఉన్నవాళ్లపట్ల వారికి సానుభూతి ఉందని, విదేశీ మారక ద్రవ్య నేరస్థులకూ కోడళ్లను కాల్చేసేవాళ్లకూ ఆ కోర్టే ఆశ్రయమైందని అన్నారు. అంతకంటే కటువుగా ఎవరంటారు? 1988లో సుప్రీంకోర్టు, కొన్ని మాటలు మానుకుని ఉండవచ్చు గానీ ఇది ధిక్కరణ కాదు అని చెప్పింది. న్యాయవ్యవస్థ వర్గ స్వభావం గురించి చర్చించడం తప్పు కాదంది.

దాదాపు ఇదే భావం అంతకు ఇరవై ఏళ్ల ముందు కేరళ ముఖ్యమంత్రి ఈఎంఎస్ నంబూద్రిపాద్ 1967లో పత్రికలవాళ్లతో అన్నారు. ఒకవైపు మంచి బట్టలు కట్టుకున్న ధనికుడు, మరోవైపు చదువులేని పేదవాడు ఉంటే జడ్జి మనసు సహజంగా మొదటివాడివైపు మొగ్గుతుందన్నారు. కేరళ హైకోర్టు వెయ్యి రూపాయల జరిమానా వేసింది. 1970లో సుప్రీంకోర్టు దాన్ని యాభైకి తగ్గించింది గానీ ధిక్కరణే అంది. చట్టంలో గీత ఎక్కడుందో వినే ధర్మాసనాన్ని బట్టి కొంత మారుతుందని ఈ రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. వృత్తిలో ఉన్న నాకే ఇది ఇబ్బంది కలిగిస్తుంది. మామూలు పౌరుడు తన మాట నేరమో కాదో ముందుగా తెలుసుకోలేని స్థితి మంచిది కాదు. "అపఖ్యాతి పాలుచేయడం" అన్న భాగాన్ని తీసేయాలన్నది నా అభిప్రాయం. ఆ నేరాన్ని మనకు అంటగట్టిన ఇంగ్లండే 2013లో దాన్ని రద్దు చేసుకుంది. 1899లోనే, వలస దేశాల అప్పీళ్లు వినే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ అది ఇంగ్లండులో వాడుక తప్పిందని చెబుతూ, నల్లజాతి జనం ఉన్న చిన్న వలసల్లో మాత్రం అవసరం కావచ్చని రాసింది. ఆ వాక్యం చదివిన ప్రతిసారీ నాకు రక్తం మరుగుతుంది. అయినా మన దగ్గర ఆ చట్టం ఉన్నంతకాలం, నా దగ్గరకు వచ్చినవారికి దాన్ని లేనట్టుగా సలహా ఇవ్వలేను.

సోషల్ మీడియా విషయానికొస్తే, 2020 వేసవిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తులను దూషిస్తూ పోస్టులు, వ్యాఖ్యలు వెల్లువెత్తాయి. ఒక ఎంపీ, ఒక మాజీ ఎమ్మెల్యే సహా 49 మందికి హైకోర్టు ధిక్కరణ నోటీసులిచ్చింది. ఆ అక్టోబరులో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. విదేశాల్లో ఉంటూ పోస్టులు పెట్టినవారి జోలికి కూడా దర్యాప్తు వెళ్లింది, ఇది మీ తమ్ముడికి చెప్పండి. అక్కడ ధిక్కరణ ఒక్కటే కాదు, శిక్షాస్మృతి, ఐటీ చట్టం కింద కూడా కేసులయ్యాయి. బెదిరింపు, బూతు, కులం పేరెత్తి తిట్టడం ఉన్నప్పుడు విషయం ధిక్కరణ చట్టం దాటిపోతుంది. నేను రాయలేదు, పంచాను అంతే అన్నది కూడా పెద్ద రక్షణ కాదు. మీ మిత్రులు రాసినదాన్ని మీ గోడమీద పెడితే ఆ మాట మీదే అవుతుంది.

అదే సంవత్సరం న్యాయవాది ప్రశాంత్ భూషణ్ రెండు ట్వీట్లను సుప్రీంకోర్టు ధిక్కరణగా తేల్చి ఒక రూపాయి జరిమానా వేసింది, కట్టకపోతే మూడు నెలల జైలు, మూడేళ్లు ప్రాక్టీసుపై నిషేధం అంది. మరోవైపు 2025 మేలో ఒక ఎంపీ వ్యాఖ్యలపై దాఖలైన పిటిషన్‌ను కొట్టేస్తూ, ఇలాంటి మాటలకు వాడిపోయే పూలవంటివి కావు కోర్టులు అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ధర్మాసనం రాసింది. నాకు రెండోది నచ్చింది. పెద్దవాళ్ల కేసులు ఇలా ఉంటాయిలే అనుకుంటారేమో, మీలాంటి వ్యక్తి కేసూ ఉంది. నవీ ముంబయిలో ఒక హౌసింగ్ సొసైటీకి చెందిన మహిళ వీధికుక్కల వివాదంలో న్యాయమూర్తులను కుక్కల మాఫియాతో కలిపి సర్క్యులర్ పంపారు. 2025లో బొంబాయి హైకోర్టు వారం రోజుల జైలు వేసింది. ఆమె క్షమాపణ నిజమైనదని నమ్మి సుప్రీంకోర్టు ఆ శిక్షను తొలగించింది. శిక్షించే అధికారంలోనే క్షమించే అధికారం ఉందంది.

క్షమాపణ గురించి ఒక మాట. మీకు నోటీసు వస్తుందని నేను అనుకోవడం లేదు. జిల్లా కోర్టుల మీద వచ్చే పోస్టులన్నిటినీ హైకోర్టు పట్టించుకుంటూ కూర్చోదు. ఒకవేళ వస్తే, చెప్పిన తేదీన స్వయంగా హాజరుకండి, తప్పించుకోవద్దు. క్షమాపణ చెప్పదలచుకుంటే మొదటి వాయిదాలోనే అఫిడవిట్‌గా ఇవ్వండి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అని మొదలుపెట్టకండి. షరతుతో కూడినదన్న ఒక్క కారణంతో నిజాయితీగల క్షమాపణను తోసిపుచ్చకూడదని సెక్షన్ 12 వివరణలో ఉన్న మాట నిజమే. ఆచరణలో మాత్రం అలాంటి క్షమాపణ న్యాయమూర్తులకు కోపమే తెప్పిస్తుంది. 2024 ఆగస్టులో ఒక బెయిలు తీర్పుపై వ్యాఖ్యల విషయంలో సుప్రీంకోర్టు అసంతృప్తి చెందగానే, తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పత్రికల్లో తన పేరుతో వచ్చిన మాటలకు బేషరతుగా విచారం ప్రకటించారు. ముఖ్యమంత్రే ఆ పని చేసినప్పుడు మనకు చిన్నతనమేమీ లేదు.

నోటీసు కంటే నాకు ఎక్కువ భయం మీ అప్పీలు గురించి. నా దగ్గరికి వచ్చిన ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు మీలాగే ఓడిన కోపంలో పోస్టు పెట్టారు. ఆరు నెలల తర్వాత అప్పీలులో అవతలి వకీలు ఆ స్క్రీన్‌షాట్‌ను తీసి న్యాయమూర్తి ముందు పెట్టారు. ధిక్కరణ కేసేమీ పెట్టలేదు, "కక్షిదారు వైఖరి గమనించండి" అన్నారు అంతే. ఆ రోజు నుంచి నేను చెప్పే ప్రతి పాయింటూ ఒక మెట్టు కిందనుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆయన కేసులో బలం ఉంది. ఆ బలాన్ని చూపడానికి నాకు పట్టాల్సినదానికంటే రెట్టింపు శ్రమ పట్టింది.

జడ్జిగారి నడవడిక మీద మీకు నిజంగా ఆధారం ఉంటే దానికి దారి ఉంది. కింది కోర్టుల న్యాయాధికారులపై హైకోర్టుకు సద్బుద్ధితో ఇచ్చే ఫిర్యాదు ధిక్కరణ కాదని సెక్షన్ 6 చెబుతోంది. రాజ్యాంగం 235వ అధికరణం కింద వారిపై అజమాయిషీ హైకోర్టుదే. హైకోర్టులో ఇలాంటి ఫిర్యాదులు చూసే రిజిస్ట్రార్ విజిలెన్స్‌కు ప్రమాణపూర్వకమైన అఫిడవిట్‌తో, సరిచూడగల వివరాలతో ఫిర్యాదు ఇవ్వండి. పేరు లేని ఉత్తరాలు చెత్తబుట్టకు పోతాయి. ఒక హెచ్చరిక: కేసు బదిలీ కోరుతూ వేసే పిటిషన్లలో కూడా నోటికొచ్చింది రాయకూడదు. తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తి ఒకరిపై బదిలీ పిటిషన్‌లో ఆరోపణలు చేసినందుకు 2025లో సుప్రీంకోర్టు కక్షిదారుకే కాక న్యాయవాదులకూ నోటీసులిచ్చింది, ఆ న్యాయమూర్తికే క్షమాపణ చెప్పమంది. కాగితం మీద సంతకం పెట్టిన వకీలు కూడా బాధ్యుడేనని 1954 నుంచీ ఉన్న న్యాయసూత్రం.

పదకొండేళ్ల ఆలస్యం గురించి మీ కోపం మాత్రం నూటికి నూరుపాళ్లు సబబు. దాన్ని రాయండి, గట్టిగా రాయండి. ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు) కొడితే ప్రతి వాయిదా తేదీ, ఆ రోజు ఏ దశలో ఉందో వస్తుంది. వాయిదాలు లెక్కపెట్టండి. ఎన్ని అవతలివాళ్లు కోరినవి, ఎన్ని మీ వకీలు కోరినవి, ఎన్నిసార్లు జడ్జి సెలవు, ఎన్ని నెలలు ఆ కోర్టు ఖాళీగా ఉంది అని పట్టిక వేయండి. ఒక కక్షిదారుకు మూడుకు మించి వాయిదాలివ్వకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 చెబుతోంది, మీ దావాలో ఎన్ని ఇచ్చారో చెప్పండి. మీ ఖాతాలో పడే వాయిదాలు కూడా దాచకండి. తీర్పులో ఏ పత్రాన్ని పట్టించుకోలేదో, ఏ సాక్షి మాటను ఎలా తప్పుగా చదివారో పేరా నంబరుతో రాయండి. "ఈ తీర్పు తప్పు, ఈ కారణాలవల్ల తప్పు" అనండి. అలా రాసినందుకు ఎవరైనా మీ మీదకు వస్తే రుసుం తీసుకోకుండా వాదిస్తాను.

తేదీల దగ్గరే మీకు అసలు గండం ఉంది. మీ ఆస్తి విలువను బట్టి అప్పీలు జిల్లా కోర్టుకైతే ముప్పై రోజులు, హైకోర్టుకైతే తొంభై రోజులు గడువు. తీర్పు, డిక్రీ (తీర్పు ప్రకారం ఎవరికేం దక్కిందో చెప్పే ఉత్తర్వు) నకళ్ల కోసం దరఖాస్తు చేసిన రోజు నుంచి అవి సిద్ధమయ్యేదాకా పట్టే కాలం ఆ లెక్కలోంచి మినహాయిస్తారు. దరఖాస్తే చేయకపోతే మినహాయింపు లేదు. పద్దెనిమిది రోజులు పోయాయి. మీరు రాసిన దాంట్లో పోస్టుకు ఎన్ని లైకులొచ్చాయో ఉంది, నకలు దరఖాస్తు వేసినట్టు ఎక్కడా లేదు. రేపు కోర్టు తెరవగానే వెళ్లి అది వేయండి, దరఖాస్తు నంబరు రాసుకోండి.